ఎత్తుపళ్లకు నాలుగు పళ్లు తీయించాలా? ఆంగిల్ వద్దన్నాడు కదా?

కావలి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల పాపకు 12 ఏళ్లు. పై పళ్లు ముందుకు వచ్చాయి, నోరు మూయాలంటే పెదవులు బిగబట్టాల్సి వస్తోంది. ఒంగోలులో చూసిన డాక్టరు చీటీ మీద ‘ఆంగిల్ క్లాస్ 2’ అని రాసి, నాలుగు పళ్లు తీసి క్లిప్పులు వేద్దామన్నారు. నెల్లూరు పొగతోటలో చూసిన డాక్టరమ్మ ఒక్కటి కూడా తీయక్కర్లేదన్నారు. ఈయన నెట్‌లో వెతికితే, ఆ ఆంగిల్ అనే ఆయన పళ్లు పీకడానికి బద్ధ వ్యతిరేకి అని కనపడింది. ‘ఆయన పేరు చీటీ మీద రాసి, ఆయన వద్దన్న పనే చేస్తారా?’ అని అడుగుతున్నారు. పై పళ్లు పీకిస్తే పాపకు చూపు తగ్గుతుందని వాళ్ల అమ్మగారి భయం కూడా ఉంది.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. క్లాస్ 2 అన్న మాటకూ పళ్లు తీయడానికీ నేరుగా సంబంధం లేదు. పై దవడ పన్ను, కింది దవడ పన్ను ఒకదాని మీద ఒకటి ఎక్కడ కూర్చుంటున్నాయో చెప్పే గుర్తు అది, అంతే. పళ్లు తీయాలా వద్దా అన్నది పాప ముఖం పక్క నుంచి ఎలా ఉంది, కింది దవడ చిన్నదా, ఇంకా ఎదిగే వయసు మిగిలిందా, పళ్లకు చోటు ఎంత తక్కువైంది అనే వాటిని బట్టి తేలుతుంది. ఇవి తేలాలంటే పక్క నుంచి తీసే సెఫ్ ఎక్స్‌రే ఉండాలి. మీ ప్రశ్నలో ఆ ఎక్స్‌రే మాటే లేదు. అది లేకుండా ఇద్దరిలో ఎవరిది రైటో నేను చెప్పలేను, ఆ ఇద్దరూ కూడా గట్టిగా చెప్పకూడదు. ఇక చూపు సంగతి: పన్ను పీకితే చూపుకు ఏమీ కాదు.

ఆంగిల్ గురించి మీరు చదివింది నిజమే, కానీ సగమే. ఈయన కథ తెలిస్తే మీ ఇద్దరు డాక్టర్లూ ఎందుకు వేరువేరుగా చెబుతున్నారో కూడా అర్థమవుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఎడ్వర్డ్ హార్ట్‌లీ ఆంగిల్ 1855 జూన్ 1న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, హెరిక్ అనే పల్లెలో వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఐదోవాడు. చదువు మీద కన్నా పనిముట్ల మీద ధ్యాస ఎక్కువ. అది చూసి వాళ్లమ్మ ఒక పళ్ల డాక్టరు దగ్గర పనిలో పెట్టింది. 1878లో పెన్సిల్వేనియా కాలేజ్ ఆఫ్ డెంటల్ సర్జరీలో పట్టా పుచ్చుకున్నాడు. కొన్నాళ్లకు ఊపిరితిత్తుల జబ్బు చేయడంతో మినియాపొలిస్ అనే ఊరికి మారాడు. మధ్యలో మోంటానా వెళ్లి గొర్రెల పెంపకం కూడా పెట్టాడు. అక్కడి చలికాలం దెబ్బకు ఆ మందలు నిలవలేదు. తిరిగి మినియాపొలిస్ వచ్చి పళ్ల పనిలోనే పడ్డాడు. ఆ చలి కాస్త కనికరించి ఉంటే ఈ రోజు మీ చీటీ మీద వేరే ఎవరి పేరో ఉండేది.

ఆయన కాలంలో వంకరపళ్లు సరిచేయడం పళ్ల డాక్టర్లు తీరికున్నప్పుడు చేసే చిల్లర పని. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఎవరి వైర్లు, మరలు వాళ్లే తయారు చేసుకునేవాళ్లు. ‘పళ్లు వంకరగా ఉన్నాయి’ అనడమే తప్ప, ఆ వంకర ఏ రకమో ఇంకో డాక్టరుకు అర్థమయ్యేలా చెప్పే భాష లేదు. ఆంగిల్ ముఖ్యంగా రెండు పనులు చేశాడు. 1887లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో తన పద్ధతి చూపించాడు. ముందే తయారైన విడిభాగాలు, కావలసినట్టు బిగించుకునేవి. తర్వాత 1899లో వర్గీకరణ ప్రచురించాడు. మీ చీటీ మీద ఉన్నది అదే.

వర్గీకరణ చాలా సులువు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక వచ్చే మొదటి పెద్ద దవడ పన్నును ఆయన కొలబద్దగా తీసుకున్నాడు. పై పన్ను ముందు మొన కింది పన్ను గాడిలో సరిగ్గా కూర్చుంటే దవడ పళ్ల వరకు సరి. అక్కడ సరిగ్గా ఉండి ముందు పళ్లు మాత్రం వంకరగా ఉంటే క్లాస్ 1. కింది పన్ను ఉండాల్సిన దాని కన్నా వెనక్కి ఉంటే క్లాస్ 2. ముందుకు ఉంటే క్లాస్ 3. క్లాస్ 2లో మళ్లీ పై పళ్లు ముందుకు పొడుచుకొస్తే మొదటి విభాగం, లోపలికి వాలితే రెండో విభాగం. మీ పాపది మొదటి విభాగం అయి ఉండాలి.

120 ఏళ్లు దాటినా ప్రపంచమంతా ఇదే రాస్తోంది. కనిగిరిలో రాసిన చీటీ టోక్యోలో డాక్టరుకూ అర్థమవుతుంది. అదే దాని బలం. ముఖం గురించి, ఎముక గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం దాని లోపం. పై దవడ పన్ను ఎప్పుడూ తన చోటులోనే ఉంటుందని ఆంగిల్ అనుకున్నాడు. ఆ పన్ను కూడా చోటు మారుతుందని తర్వాత తేలింది. కింది దవడ ఎముక పొట్టిగా ఉన్నా క్లాస్ 2 రావచ్చు, ఎముక బాగానే ఉండి పాలపన్ను ముందే ఊడిపోవడంతో పై దవడ పన్ను ముందుకు జరిగినా క్లాస్ 2 రావచ్చు. చీటీ మీద రెంటికీ పేరు ఒకటే, వైద్యం మాత్రం వేరు.

1900లో సెయింట్ లూయిస్‌లో ఆంగిల్ తన సొంత బడి పెట్టాడు. ఆర్థోడాంటిక్స్ (వంకరపళ్లు సరిచేసే విద్య) మాత్రమే నేర్పే మొట్టమొదటి బడి అది. ఆ రోజుల్లోనే అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం పుట్టింది, మొదటి అధ్యక్షుడు ఆయనే. కోర్సు వారాల లెక్కన సాగేది. మన దగ్గర ఐదేళ్ల బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీఎస్ చదవాలి. కానీ ‘ఇది ప్రత్యేక విద్య, అందరు పళ్ల డాక్టర్లూ చేసే పని కాదు’ అని పట్టుబట్టింది ఆయనే. ఆయన దగ్గర నేర్చుకోవడం అంత తేలిక కాదట. మాటంటే మాటే, ఎదురు చెబితే గుమ్మం బయటే. ఆయన భార్య అన్నా హాప్‌కిన్స్ కూడా డెంటిస్టే. శిష్యులంతా ఆమెను ‘మదర్ ఆంగిల్’ అనేవాళ్లు. ఆయన కోపానికీ శిష్యుల సహనానికీ మధ్య వంతెన ఆవిడే అయి ఉంటుందని నా ఊహ. పేటెంట్లు నలభైకి పైగా ఉన్నాయి. డబ్బు కోసం పేటెంట్లు తీసుకుంటాడని తోటి డాక్టర్లు తిట్టుకున్నారు కూడా.

ఇక పీకడం గొడవ. తొలి రోజుల్లో ఆంగిల్ కూడా అవసరమైతే పళ్లు తీయొచ్చనే రాశాడు. 1900 తర్వాత పూర్తిగా మారిపోయాడు. ప్రకృతి ఇచ్చిన పళ్లన్నీ ఉంటేనే నోరు సరిగ్గా అమరుతుంది, అమరితే ముఖం దానంతటదే అందంగా అవుతుంది అన్నది ఆయన నమ్మకం. అందానికి కొలతగా వాటికన్‌లో ఉన్న అపోలో బెల్వెడేర్ పాలరాతి విగ్రహం ముఖాన్ని చూపించేవాడు (మనకు తెలిసిన ఆస్పత్రి కాదు, గ్రీకు దేవుడు). ఎడ్మండ్ వర్పెల్ అనే చిత్రకారుడు ఆయనకు స్నేహితుడు, బడిలో పాఠాలు కూడా చెప్పాడు. మనుషులు రకరకాలు, అందరికీ ఒకే అందం ఉండదని ఆయన చెప్పిన మాట ఆంగిల్ విన్నాడు. విని, పళ్లన్నీ సరిగ్గా అమిరితే ఎవరి ముఖానికి తగ్గ అందం వాళ్లకు వస్తుందన్నాడు. అంటే చివరికి పీకొద్దు అన్న చోటికే వచ్చాడు.

చికాగోలో కాల్విన్ కేస్ అనే ఆయన దీన్ని ఒప్పుకోలేదు. కొందరికి పళ్లు తీయకపోతే మూతి ముందుకు పొడుచుకొచ్చి ముఖం పాడవుతుందన్నాడు. 1911లో అమెరికా జాతీయ దంత వైద్య సంఘం సభలో పెద్ద వాదనే జరిగింది. ఆంగిల్ పక్షాన మార్టిన్ డ్యూయీ మాట్లాడాడు. ఆ రోజుల్లో గెలిచింది ఆంగిల్ పక్షమే. ఆ తర్వాత చాలా ఏళ్లు పన్ను తీసిన ఆర్థోడాంటిస్టును చిన్నచూపు చూసేవాళ్లు.

దాన్ని తిరగరాసింది ఆంగిల్ శిష్యుడే. 1920ల నాటికి ఆంగిల్ కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉన్నాడు. అక్కడ తన ఆఖరి పరికరం ‘ఎడ్జ్‌వైజ్’ తయారు చేశాడు. ఇప్పుడు మీ పాప పళ్లకు అంటించబోయే బ్రాకెట్ దాని మునిమనవడే. బ్రాకెట్‌లో దీర్ఘచతురస్రాకారపు గాడి, అందులో అదే ఆకారపు వైరు. గుండ్రటి వైరు పన్నును వంచగలదు కానీ వేరును చెప్పిన చోటికి తిప్పలేదు. అంచులున్న ఈ వైరు అది కూడా చేస్తుంది. ఆ గాడి కొలత 0.022 అంగుళాల ఎత్తు, 0.028 అంగుళాల లోతు. నా టేబుల్ మీద ఉన్న డబ్బాలో ఈ రోజుకీ అదే కొలత బ్రాకెట్లు ఉన్నాయి.

చార్లెస్ ట్వీడ్ ఆ పరికరం మీద గురువుకు సాయం చేసినవాడు. ఎడ్జ్‌వైజ్‌కే జీవితం అంకితం చెయ్యమని గురువు చెబితే, అరిజోనా వెళ్లి అదే చేశాడు. కొన్నేళ్లు ఒక్క పన్నూ తీయకుండా వైద్యం చేసి, తర్వాత తన పేషెంట్లను తనే మళ్లీ పిలిచి చూసుకున్నాడు. చాలామందికి పళ్లు మళ్లీ వంకరపోయాయి, మూతులు ముందుకు వచ్చాయి. అలాంటి వాళ్లకు నాలుగు చిన్న దవడ పళ్లు తీసి మళ్లీ వైద్యం చేశాడు. 1940లో వంద మంది కేసులు, పళ్లు తీయక ముందు ఫలితం, తీశాక ఫలితం, పక్కపక్కన పెట్టి చూపించాడు. సభలో వాదించడం వేరు, వంద జతల పళ్ల అచ్చులు బల్ల మీద పెట్టడం వేరు. ఆంగిల్ మరో శిష్యుడు, ఆస్ట్రేలియాకు చెందిన రేమండ్ బెగ్ కూడా అడిలైడ్ వెళ్లాక పళ్లు తీసే పద్ధతికే వచ్చాడు. మన దేశంలో ఒక తరం ఆర్థోడాంటిస్టులు బెగ్ పద్ధతి నేర్చుకునే బయటికొచ్చారు. మన దగ్గర ‘క్లిప్పులంటే నాలుగు పళ్లు తీయాల్సిందే’ అన్న అలవాటు కొంత అక్కడి నుంచి వచ్చిందే అనుకుంటాను.

ఇదంతా ఆంగిల్ చూడలేదు. 1930 ఆగస్టు 11న, 75 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాదే, 1931లో, ఆయన శిష్యుడు హోలీ బ్రాడ్‌బెంట్ అమెరికాలో, హోఫ్‌రాత్ జర్మనీలో తల కదలకుండా పెట్టి పక్క నుంచి ఎక్స్‌రే తీసే పద్ధతి ప్రచురించారు. నేను పైన అడిగిన సెఫ్ ఎక్స్‌రే అదే. దవడ ఎముక ఎక్కడుంది, పన్ను ఎంత వాలింది అని బతికున్న మనిషిలో కొలిచే సాధనం ఆంగిల్ చేతిలో లేదు. అచ్చులు, ఫోటోలు, పుర్రెలు చూసి ఆయన చెప్పిన మాటను, ఎక్స్‌రే చేతిలో ఉన్న మనం తుదిమాటగా తీసుకోనక్కర్లేదు. పేరు ఆయనది రాస్తాం, కొలత మనది చూసుకుంటాం.

ఇప్పుడు మీ పాప దగ్గరికి వద్దాం.

12 ఏళ్ల ఆడపిల్ల అంటే మాకు మొదట వచ్చే ఆలోచన కింది దవడ. క్లాస్ 2 మన వాళ్లలో చాలామందికి కింది దవడ పొట్టిగా ఉండడం వల్లే వస్తుంది. ఎదుగుదల జోరుగా ఉన్న సమయంలో ‘ట్విన్ బ్లాక్’ లాంటి తీసి పెట్టుకునే పరికరం ఇస్తాం. పైకొకటి, కిందికొకటి, ప్లాస్టిక్ దిమ్మెలు. నోరు మూస్తే కింది దవడ ముందుకు వచ్చి కూర్చోక తప్పదు. స్కాట్లాండ్‌కు చెందిన విలియం క్లార్క్ 1977లో తయారు చేసింది. తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా పెట్టుకోవాలి, అన్నం తినేటప్పుడు కూడా. పని చేస్తే చాలామందిలో పళ్లు తీసే అవసరం తగ్గుతుంది. నెల్లూరు డాక్టరమ్మ ‘తీయక్కర్లేదు’ అన్నది ఈ లెక్కలోనే అయి ఉండొచ్చు. అడిగి చూడండి.

ఇక్కడే ఒక మాట. పాప పెద్దమనిషి అయిందా లేదా అని డాక్టరు అడిగితే ఇబ్బంది పడకుండా చెప్పండి. తండ్రి ముందు అడిగారని కోపం తెచ్చుకుని లేచి వెళ్లిపోయిన వాళ్లను చూశాను. ఆడపిల్లల్లో దవడ వేగంగా ఎదిగే దశ సాధారణంగా దానికి ముందే వస్తుంది. అయిపోయి ఏడాది రెండేళ్లు గడిస్తే ట్విన్ బ్లాక్‌తో వచ్చే లాభం తగ్గిపోతుంది. సెఫ్ ఎక్స్‌రేలో మెడ ఎముకల ఆకారం చూసి కూడా ఇది అంచనా వేస్తాం. కాబట్టి మీకు ‘సెలవుల్లో చూద్దాంలే’ అనే వెసులుబాటు లేదు.

అలా కాకుండా పళ్లకు చోటు బాగా తక్కువై, పై కింది పళ్లు రెండూ ముందుకు వాలి ఉంటే, ఒంగోలు డాక్టరు చెప్పిందే సరి. కోరపన్ను వెనక ఉండే చిన్న దవడ పన్ను వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. పైన రెండు తీస్తే 14 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. ముందు పళ్లు వెనక్కి వెళ్లేది ఆ చోటులోకే. క్లిప్పులు అయ్యాక ఆ ఖాళీలు కనపడవు. కింది వరుస చక్కగా ఉంటే పైన రెండు మాత్రమే తీసినా సరిపోయే కేసులుంటాయి. ‘నాలుగూ ఎందుకు, రెండు చాలవా?’ అని తప్పకుండా అడగండి.

నా దగ్గరికి వచ్చిన ఇద్దరి సంగతి చెబుతాను. వింజమూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు, పక్కా క్లాస్ 2, పై పళ్లు కింది పెదవి మీద కూర్చునేవి. ఎక్స్‌రేలో కింది దవడ పొట్టిదని తేలింది, ఎదుగుదల ఇంకా ఉంది. ట్విన్ బ్లాక్, ఆ తర్వాత క్లిప్పులు. ఒక్క పన్నూ తీయలేదు. వాడు దాన్ని నిద్రలో కూడా తీయకుండా పెట్టుకున్నాడు, గెలుపు అక్కడే ఉంది. ఇంకో అమ్మాయి, నెల్లూరులో ఇంటర్ హాస్టల్లో ఉండి చదివేది. దవడ పళ్లు చూస్తే క్లాస్ 1, ఆంగిల్ లెక్కలో వెనక ఏ తేడా లేదు. కానీ పై పళ్లు, కింది పళ్లు రెండూ ముందుకు వాలి, మూతి పొడుచుకొచ్చి, పెదవులు కలిసేవి కావు. దక్షిణాదిలో ఈ రకం బాగా కనపడుతుంది. ఆమెకు నాలుగు తీశాం. ఇద్దరినీ పక్కన నిలబెడితే, క్లాస్ 2 వాడికి ఒక్కటీ పోలేదు, క్లాస్ 1 అమ్మాయికి నాలుగు పోయాయి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. సెఫ్ ఎక్స్‌రే మీద కొలతలకు మొదట వాడిన ప్రమాణాలు తెల్లవాళ్ల ముఖాలవి. మన పెదవులు వాళ్ల కంటే కొంచెం నిండుగా ఉంటాయి, అది లోపం కాదు. ఆ లెక్క గుడ్డిగా వేస్తే మనలో చాలామందికి పళ్లు తీయాలనే వస్తుంది. బాగా చూసే డాక్టరు కాగితం మీద అంకెతో పాటు, పాప నవ్వుతుండగా, మాట్లాడుతుండగా కూడా చూస్తారు.

మా ప్రాంతపు తలనొప్పి ఒకటి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు, అది ఫ్లోరైడ్ నీళ్లు. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి రాసింది మన నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోనివే, 1970లో విడిపోయాయి. ఆ ఊళ్లవాళ్లకూ, ఉదయగిరి వైపు వాళ్లకూ గారపళ్లు కొత్త కాదు. అయితే గార ఉన్న పన్ను పైపొర మీద బ్రాకెట్ సరిగ్గా అంటదు. మామూలుగా పన్నుకు కాసేపు యాసిడ్ రాసి గరుకు చేసి, గమ్ముతో అంటిస్తాం. ఫ్లోరైడ్ ఎక్కిన పొర ఆ యాసిడ్‌కు లొంగదు. ఎక్కువసేపు పెట్టాలి, ఒక్కోసారి పైపొర కాస్త గీకాలి. అయినా ఊడొచ్చు. ‘నెలకోసారి బస్సెక్కి వస్తున్నాం, వచ్చినప్పుడల్లా క్లిప్పు ఊడిందంటున్నారు’ అని తల్లిదండ్రులు విసుక్కుంటారు. ఆంగిల్ కాలంలో ఈ గొడవ లేదు. అప్పుడు అంటించడమే లేదు. ప్రతి పన్నుకూ లోహపు పట్టీ చుట్టి బిగించేవాళ్లు. పైపొర గుంటలు పడిపోయిన పళ్లకు నేను ఇప్పటికీ ఆ పాత పద్ధతిలోనే పట్టీలు వేస్తాను. చూడ్డానికి బాగోదు, కానీ ఊడదు. కావలి మున్సిపల్ నీళ్లు తాగి పెరిగిన పాప అయితే మీకు ఈ బాధ ఉండకపోవచ్చు. అమ్మమ్మ గారి ఊరు ఉదయగిరి వైపై, పాప చిన్నప్పుడు అక్కడే పెరిగి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

మీ అమ్మగారి భయం గురించి. చూపు నరం మెదడు నుంచి నేరుగా కంటికి వెళ్తుంది. పంటి నరం వేరే పెద్ద నరానికి కొమ్మ. రెండూ ఒకటి కాదు. పై పన్ను పీకేటప్పుడు మత్తు ఇస్తే చెంప, పెదవి కాసేపు మొద్దుబారతాయి, ఆ మొద్దుబారడం కంటి కింద దాకా వస్తుంది. ఈ భయం అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. పెద్దావిడను కూడా తీసుకెళ్లి డాక్టరుతోనే ఈ మాట చెప్పించండి. మీరు చెబితే వినరు, తెల్లకోటు చెబితే వింటారు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఓపీజీ (పళ్లన్నీ, దవడలూ ఒకే ఫిల్ములో కనపడేది), సెఫ్, ఈ రెండు ఎక్స్‌రేలూ తీయించండి. రెండూ ఒకే చోట నిమిషాల్లో అయిపోతాయి. అచ్చులు కూడా తీయించుకోండి. అవన్నీ పట్టుకుని అదే ఇద్దరి దగ్గరికీ మళ్లీ వెళ్లండి. ఇద్దరూ ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్లేనా అని కనుక్కోండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. రికార్డులు చూశాక కూడా మాట కలవకపోతే నెల్లూరులో డెంటల్ కాలేజీ ఉంది, అక్కడి ఆర్థో విభాగంలో చూపించండి. అక్కడ ఒక్కరు కాదు, నలుగురు కలిసి చూస్తారు, ఖర్చు కూడా తక్కువ. బేరం మాట్లాడేటప్పుడు ఎక్స్‌రేలు, పళ్లు తీసే ఖర్చు, చివర్లో ఇచ్చే రిటైనర్ (సరిచేసిన పళ్లు మళ్లీ కదలకుండా పెట్టుకునేది), ఇవన్నీ ఆ మొత్తంలోనే కలిశాయా విడిగానా అని కాగితం మీద రాయించుకోండి. రిటైనర్ డబ్బులు విడిగా అనగానే చాలామంది అది తీసుకోకుండా వెళ్లిపోతారు. పళ్లు తీసినా తీయకపోయినా, రిటైనర్ పెట్టుకోకపోతే మళ్లీ వంకరపోతాయి.

ఎక్స్‌రేలు వచ్చాక ఇక్కడే పెట్టండి, పాప పేరు, ముఖం కనపడకుండా. చూసి చెబుతాను.